మూరకొక ఉంగరం

అనగనగా ఒక ఏరు. ఏరన్నాక ఒడ్డుంటుంది, ఒడ్డన్నాక ఊరుంటుంది. ఆ ఊరికో రాజు. ఊ కొట్టండర్రా, మీరు ఊ కొట్టకపోతే ఆ రాజు అక్కడే నిలబడిపోతాడు పాపం.

ఆ రాజ్యంలో ఒక కట్టడి ఉండేదిట. ఏటా వరద తీసి నీళ్ళు తేరుకున్నాక, మొదటి చేప రాజుగారే పట్టాలి. రాజుగారి రేవులోనే పట్టాలి, గాలంతోనే పట్టాలి, పట్టి మళ్ళీ ఏటమ్మకి వదిలెయ్యాలి. అప్పటిదాకా ఊళ్ళో ఎవరూ వల దింపకూడదు. రాజుగారి గాలం లేవందే వల దిగదు, వల దిగందే చేప ఎక్కదు, చేప ఎక్కందే పులుసు మరగదు, పులుసు మరగందే ముసలాళ్ళకి ముద్ద దిగదు.

మామూలుగా ఒక పూటలో తేలిపోయే పని. వేలెడంత చేపైనా సరిపోతుంది. ఆ ఏడు మాత్రం ఎక్కణ్ణుంచి వచ్చిందో ఒక వాలుగ వచ్చి రాజుగారి రేవులో కాపురం పెట్టింది. అచ్చం మంత్రిగారికున్నట్టే దానికీ మీసాలు. చిన్న చేపలన్నీ హడలిపోయి వేరే రేవులకి వెళ్ళిపోయాయి. ఇక గాలానికి పడితే అదే పడాలి.

పడింది. రాజుగారు లాగారు. కర్ర ఫెళ్ళున విరిగింది. రెండో కర్ర తెచ్చారు, అదీ విరిగింది. మూడోది తెచ్చారు, అదీ అంతే. రాజుగారు మూడుసార్లూ వెల్లకిలా పడ్డారు, మంత్రిగారు మూడుసార్లూ లేవదీశారు. ఎవరూ నవ్వలేదు. రాజు కదా మరి.

అప్పటికి ఇరవై రోజులైంది. ఊరంతా బీరకాయలే. పొద్దున బీరకాయ, రాత్రి బీరకాయ. పెద్దాళ్ళు ఎలాగో సర్దుకున్నారు. బాలింతలకి మాత్రం చేప ముక్క లేక పాలు తగ్గిపోయి, ఏ ఇంట్లో చూసినా పసిగుడ్ల ఏడుపే.

ఇంతకీ ఆ కర్రలు చేసింది ఎవరనుకున్నారు? దానయ్య అని, రాజుగారి గాలాలు కట్టేవాడు. ఎనిమిది మూరల వెదురు తెచ్చి, చిత్రిక పట్టి, నూనె పెట్టి, కర్ర మొదట్లో దారం చుట్టుకునే చిన్న రాట్నం బిగించేవాడు. రాట్నం నుంచి కర్ర కొసదాకా ఆ దారం నడవాలి కదా? అందుకని కర్ర పొడుగునా ఉంగరాలు కట్టి, వాటిలోంచి దారం దూర్చేవాడు. మూరకొక ఉంగరం, మొత్తం ఏడు. వాళ్ళ నాన్న మూరకొకటి కట్టాడు, వాళ్ళ తాత మూరకొకటి కట్టాడు, అందుకని దానయ్యా మూరకొకటే కట్టాడు.

మరెందుకు విరుగుతోందయ్యా అని రాజుగారు అడిగితే, వెదురుపొదలో దయ్యం ఉంది మహాప్రభో, అదే కర్రలో దూరి కొరుకుతోందన్నాడు. రాజుగారు, సరే, అయిదు రోజుల్లో నాలుగో కర్ర తీసుకురా, అదీ విరిగితే నువ్వూ నీ ఇంటివాళ్ళూ నా పొలిమేర దాటిపొండి అన్నారు. దానయ్య ఇంటికొచ్చి నాలుగో కర్ర చేసి, మూరకొక ఉంగరం కట్టి, మధ్య మధ్య నిమ్మకాయలు వేలాడదీశాడు. దయ్యం సంగతి తెలీదు గానీ కర్ర మాత్రం బరువెక్కింది. అప్పుడాయన దుప్పటి ముసుగేసుకుని గోడవైపు తిరిగి పడుకున్నాడు.

ఒరే చంటీ, ఆ కాలు అక్క మీంచి తియ్యి. ఆఁ.

ఆ ఇంటికి మూడు నెలల కిందట కోడలొచ్చింది. పేరు పైడమ్మ. ఆడవాళ్ళు గాలాలు చేసే పాకలో అడుగుపెట్టకూడదని మామగారు మొదటిరోజే చెప్పేశాడు. ఆ పిల్ల సరేనని బయటే ఊడ్చుకునేది, వండుకునేది, విస్తళ్ళు కుట్టుకునేది. కొత్త ఊరు ఇప్పుడిప్పుడే అలవాటవుతోంది, ఇంతలో దేశంలోంచే పొమ్మంటున్నారు.

ఆ రోజు పొయ్యిలోకి పుల్లల్లేక విరిగిన గాలాల కొసలు మూడూ తెచ్చుకుంది. ఒకటి పొయ్యిలో పెట్టబోయి ఆగింది. మూడూ వరసగా నేల మీద పేర్చింది. మూడూ ఒకే చోట విరిగాయి, చివరి రెండు ఉంగరాల మధ్యన. అత్తగారు రావులమ్మని పిలిచి చూపించింది.

"అత్తా, దయ్యానికి లెక్కలు కూడా వచ్చా? మూడుసార్లూ కొలిచినట్టు ఒకే చోట కొరికింది."

రావులమ్మ ఆ ముక్కల్ని చాలాసేపు చూసింది. గోడవైపు తిరిగి పడుకున్న మొగుణ్ణీ చూసింది. "పాక తలుపు గడియ లేదు," అని మాత్రం అంది.

పైడమ్మ నాలుగో కర్ర పెరట్లోకి తెచ్చింది. మొదలు గుంజకి కట్టేసి, దారం ఉంగరాల్లోంచి దూర్చి, దారం చివర రుబ్బురోటి పొత్రం వేలాడగట్టింది. కర్ర వంగింది. కింది భాగం లావు, అదేమీ పెద్దగా కదల్లేదు, అక్కడ దారం కర్ర పక్కనే బుద్ధిగా నడిచింది. కొస దగ్గర సన్నం కదా, బాగా వంగింది. అక్కడ దారం కర్ర వంపుతో పాటు తిరగకుండా, ఒక ఉంగరం నుంచి ఇంకో ఉంగరానికి అడ్డంగా, వింటినారిలా తిన్నగా పోతోంది. బరువంతా ఒక్కచోటే పడి కర్ర అక్కడ మడత పడబోతోంది. పైడమ్మ చటుక్కున పొత్రం ఎత్తి పట్టుకుంది.

విస్తరి కుట్టేటప్పుడు చూశారా? తిన్నగా ఉన్నచోట పుల్ల దూరంగా గుచ్చినా ఫరవాలేదు. గుండ్రం తిరిగేచోట దగ్గర దగ్గరగా గుచ్చకపోతే ఆకు చీలుతుంది. ఇదీ అంతే కదా అనుకుంది పైడమ్మ.

ఉంగరాలన్నీ విప్పేసింది. గుడ్డపేలికలతో ఉత్తుత్తి ముడులేసి, మొదట్లో దూరం దూరంగా, పైకి వెళ్ళేకొద్దీ దగ్గర దగ్గరగా కట్టింది. పొత్రం వేలాడదీసింది, చూసింది. ఒక ఉంగరం బెత్తెడు జరిపింది, మళ్ళీ వేలాడదీసింది, మళ్ళీ చూసింది. జరపడం చూడడం, చూడడం జరపడం, మూడు మధ్యాహ్నాలు అదే పని. అయినా కొస దగ్గర దారం ఇంకా అడ్డంగానే పోతోంది. ఉంగరాలు చాల్లేదు. ఇంకో నాలుగు కావాలి, అవీ చిన్నవి కావాలి, బరువైనవైతే కొస వాలిపోతుంది.

రావులమ్మ చెవుల పైఅంచుకి పెళ్ళినాటి వెండి రింగులు, చెవికి రెండేసి ఉండేవి. నాలుగూ తీసి కోడలి చేతిలో పెట్టింది. "వినపడ్డానికి ఇవి అక్కర్లేదులే," అంది.

నాలుగోరోజు దానయ్య లేచి పెరట్లోకి వచ్చాడు. కర్ర చూశాడు. నిమ్మకాయల్లేవు, మూరల్లేవు, పేలికలున్నాయి. ఎవరు ముట్టుకున్నారిది అని ఇల్లెగిరిపోయేలా అరిచాడు. పైడమ్మ పొత్రం తెచ్చి ఆయన ముందు పెట్టింది.

"నేనే మావయ్యా. తిట్టేముందు ఆ పొత్రం ఒక్కసారి మీ చేత్తో వేలాడదియ్యండి."

వేలాడదీశాడు. కర్ర నెలవంకలా వంగింది, దారం ఆ వంపు వెంటే నడిచింది. పక్కన ఇంకో రాయి కట్టాడు. విరగలేదు. విరుగుతుందేమోనని చాలాసేపు చూశాడు. తర్వాత లోపలికెళ్ళి పట్టుదారం, లక్క తెచ్చుకుని కూర్చున్నాడు. ఒక్కో పేలికా విప్పి, కోడలు పెట్టినచోటే, ఒక్క వెంట్రుకవాసి జరపకుండా, పదకొండు ఉంగరాలూ పట్టుదారంతో చుట్టి లక్క పూశాడు.

అయిదోరోజు ఊరంతా రేవుకి వచ్చింది. రాజుగారు గాలం వేశారు. వాలుగ పట్టింది. కర్ర వంగింది, వంగింది, కొస నీళ్ళని తాకేదాకా వంగింది. రాజుగారు అలవాటుగా కాళ్ళు తన్నిపెట్టి లాగబోయారు. మంత్రిగారు అలవాటుగా వెనక్కి వెళ్ళి నిలబడ్డారు.

"బాబుగారూ, లాగకండి! దారం వదలండి! కర్రని వంగనివ్వండి!"

అరిచింది పైడమ్మ. పుట్టాక రాజుగారి మీద ఎవరూ అలా అరవలేదు. కానీ మూడుసార్లు పడ్డ మనిషి కదా, విన్నారు. అది పోతే వదిలారు, ఆగితే చుట్టారు. రెండు ఘడియలకి వాలుగ అలిసిపోయి ఒడ్డుకొచ్చింది. ఎంత పొడుగో తేల్చడానికి మంత్రిగారిని పక్కన పడుకోమన్నారు. చేపే జానెడు ఎక్కువ. అప్పుడు దాన్ని ఏటమ్మకి వదిలేశారు. అది వెనక్కి చూడకుండా వెళ్ళిపోయింది.

"ఈ ఉంగరాలు ఎవరు కట్టారు?" అని అడిగారు రాజుగారు.

దానయ్య తలొంచుకున్నాడు. నేనే అంటాడు, అననీ, వలలు దిగితే చాలు అని పైడమ్మ మనసులో సర్దుకుంది.

"మా కోడలు కట్టింది మహాప్రభో," అన్నాడు దానయ్య. "నేను కట్టినవి మూడూ విరిగాయి. దయ్యమూ లేదు గియ్యమూ లేదు. నాకు తెలీలేదు, అంతే."

రాజుగారు తలాడించి, వలలు దింపండి అన్నారు. ఆ సాయంత్రం ప్రతి ఇంటా పులుసు మరిగింది. బాలింతలకి ముందు పెట్టారు, పిల్లలు పాలు తాగి నిద్రపోయారు.

మర్నాడు పొద్దున్నే దానయ్య పాకలో రెండో పీట వేశాడు. "అమ్మా పైడమ్మా, ఇలా వచ్చి కూర్చో. కొత్త కర్ర ఇది. మొదటి ఉంగరం ఎక్కడ పెట్టాలో చెప్పు, నేను పట్టుకుంటాను," అన్నాడు. ఆ పిల్ల వెళ్ళి కూర్చుంది.

అంచేత ముందువాళ్ళు ఎలా చేశారన్నది సరే, బరువెక్కడ పడుతోందో మీ కళ్ళతో మీరు చూసుకోండి. తెలీకపోతే తెలీదని చెప్పండి, నోరేం అరిగిపోదు.

ఊ కొడుతున్నారా? ఒక్కరూ పలకరే. సరే, కథ దాని దారిన అది కంచికి వెళ్ళింది, మనం మన దుప్పట్లోకి వెళ్దాం.