స్థవిరుడు మోకాళ్ళ మీద

కృష్ణ ఒడ్డున ఒక బౌద్ధ విహారం. అక్కడి భిక్షువు విధికుడికి మూడు రోజులుగా అన్నం సయించడం లేదు.

సంగతి చిన్నదేం కాదు. ధ్యానశాల కప్పు కారుతున్నా ఎవరికీ పట్టదా అని హంగుడనే భిక్షువు పెద్దాయనతో గట్టిగా వాదించాడు. పెద్దాయనంటే ఇంద్రగుప్త స్థవిరుడు, విహారమంతటికీ గురువు. ఆయనకు కోపమొచ్చింది. "నీకిక్కడ చోటు లేదు, ఫో!" అనేశాడు. హంగుడు భిక్షాపాత్ర పట్టుకుని బయటి పశువుల పాకలో కూర్చున్నాడు. వానలు వెలిశాక వెళ్ళిపోతాడట.

నిజానికి ఒక భిక్షువును వెళ్ళగొట్టాలంటే ఆ మాట భిక్షువులందరూ కూడిన సంఘం ముందు మూడుసార్లు చెప్పాలి. అతను చెప్పేదీ వినాలి. మూడుసార్లూ ఎవరూ కాదనకపోతేనే చెల్లుతుంది. ఈ నియమాన్ని విధికుడి చేత వల్లె వేయించినవాడు ఇంద్రగుప్తుడే. కంచే చేను మేసిందన్నమాట!

అడుగుదామంటే నోరు రాదు. అమ్మా నాన్నా పోయిన తనను ఆరేళ్ళప్పుడు చేరదీసి, అక్షరాలు దిద్దించిన మనిషాయె. చివరికి ఆయన వాకిలి ఊడుస్తుంటే దగ్గరికి వెళ్ళి డొంకతిరుగుడుగా కదిపాడు.

"భంతే, పెద్దవాళ్ళే నియమం తప్పితే ఎవరడగాలి?"

గురువు చీపురు ఆపాడు. "ఈ మాట ఎవరూ లేనప్పుడు అడుగుతావేం? రేపు పవారణ కదా."

పవారణంటే వానాకాలం చివరి పున్నమినాటి ఆచారం. అందరికన్నా ముందు పెద్దాయనే మోకరిల్లి, నాలో తప్పుంటే చెప్పండని సంఘాన్ని అడగాలి. ఎవరూ మాట్లాడకపోతే తప్పు లేనట్టే, లేచి కూర్చోవచ్చు. నలభై ఏళ్ళలో ఆయనకు తప్పు చెప్పిన మొనగాడు ఒక్కడూ లేడు!

మర్నాడు ఇంద్రగుప్తుడు మోకరిల్లాడు. "నాలో తప్పు చూసినా, విన్నా, అనుమానం కలిగినా దయచేసి చెప్పండి. దిద్దుకుంటాను."

అరవైమంది ఉన్నారు. అరవైమందీ నేలచూపులు చూశారు.

ఆయన లేవలేదు. మళ్ళీ అడిగాడు. మూడోసారీ అడిగాడు. డెబ్భై ఎనిమిదేళ్ళ మోకాళ్ళు, వణుకుతున్నాయి. అయ్యో, లేవలేకపోతున్నాడనుకుని విధికుడు పరుగున వెళ్ళి చెయ్యి అందించాడు.

ఆయన ఆ చేతిని పక్కకు నెట్టాడు. "చెయ్యి ఎందుకు నాయనా? నోరు తెరువు."

విధికుడు నిటారుగా నిలబడ్డాడు.

"భంతే, మీరు సంఘాన్ని అడక్కుండా హంగుణ్ణి వెళ్ళగొట్టారు. అది చెల్లదు."

"చెల్లదు," అన్నాడు స్థవిరుడు. "తప్పు నాది. అతన్ని పిలవండి. సంఘం విచారించాలి."

హంగుడు వచ్చాడు, తన మాట చెప్పుకున్నాడు. అతన్ని పంపెయ్యాలా అని అడిగితే, మొదటిసారికే నలుగురు లేచి "మేం ఒప్పుకోం" అన్నారు. ఆ నలుగురూ ఇందాకటిదాకా నేలచూపులు చూసినవాళ్ళే. హంగుడు తన చోట తాను కూర్చున్నాడు.

సభ ముగిశాక విధికుడు గురువు కాళ్ళ మీద పడ్డాడు. "అందరిలో మిమ్మల్ని అంత మాట అన్నాను. క్షమించండి భంతే."

గురువు అతన్ని లేవనెత్తాడు. ఆ ముసలి మొహంలో అంత గర్వం విహారంలో ఎవరూ ఎప్పుడూ చూడలేదు.

"నలభై ఏళ్ళుగా నాకు శిష్యులున్నారురా," అన్నాడు. "ఇవాళ సంఘం ఏర్పడింది."