అలికిన నేల మీద ఓనమాలు

వెనకటికి, ఇళ్ళల్లో ఆముదం దీపాలు వెలిగే రోజుల్లో, ఒక ఊళ్ళో వీధిబడి ఉండేది. ఆ బడి నేల అలికే మనిషి సన్యాసమ్మ. అక్షరం ముక్క రాదు. చేతినిండా మట్టి, నోటినిండా రామనామం.

ఆమె మనవరాలు తవిటమ్మకు పుట్టుకతోనే చూపు లేదు. రోజూ బడి గుమ్మం బయటే కూర్చుని పాఠం వినేది.

"దసరాలోగా 'ఓం నమఃశివాయ' రాస్తే లోపల చోటిస్తాను. లేకపోతే ఇంటికే" అన్నారు పంతులుగారు.

సన్యాసమ్మకు కాలు నిలవలేదు.

మొదట ఇసుక. పంతులుగారు రాసిన అక్షరాన్ని తవిటమ్మ తడిమింది. చెదిరిపోయింది. సన్యాసమ్మకు కాలు నిలవలేదు.

తరవాత తాటాకు. గంటంతో గీసిన గీత వేలికి అందలేదు. "చీమ నడిచినట్టయినా లేదే మామ్మా!" అంది తవిటమ్మ. సన్యాసమ్మకు కాలు నిలవలేదు.

రేపు దసరా అనగా, పొద్దున్నే బడి నేలను మందంగా అలికింది. తడినేల తొక్కితే తిట్టే మనిషి, ఆవేళ గుమ్మంలో నిలబడి కేకేసింది.

"రండర్రా, తొక్కండి! 'ఓం నమఃశివాయ' రాయండి!"

"మామ్మకు పిచ్చెక్కిందిరోయ్!"

"పంతులుగారు మా వీపు చీరేస్తారు!"

"చీరితే నా వీపు చీరతారులే. తడి ఆరిపోతోంది, వేలు లోతుగా దింపండి!"

పిల్లలు రాశారు. సన్యాసమ్మ లోపలికీ బయటికీ తిరుగుతూ ఎండకేసి చూస్తూనే ఉంది.

మధ్యాహ్నం పంతులుగారు వచ్చారు. "నేలంతా తవ్విపోసిందెవరు?" అని బెత్తం ఎత్తారు.

నేల మీద మోకాళ్ళూని తవిటమ్మ. గట్టిపడిన గాడిలో ఆమె వేలు కదులుతోంది. ఒకసారి తిరిగింది. రెండుసార్లు తిరిగింది. మూడోసారి, గోడవార ఇంకా తడిగా ఉన్నచోట, తనంతట తానే రాసింది. వంకరగానే. కానీ ఒక్క అక్షరం తప్పలేదు.

బెత్తం దిగింది. పంతులుగారు తన చాప జరిపారు. "ఇక్కడ కూర్చో తల్లీ" అన్నారు. "సన్యాసమ్మా, ఇకనైనా కుదురుగా ఉండు."

"ఎలా ఉండను బాబూ? కుమ్మరి వీధిలో నడవలేని పిల్ల ఉంది. రేవు దగ్గర చెవులు వినపడని పిల్లాడున్నాడు. బయట ఇంకెవరు మిగిలారో!"

కన్నుమూసేదాకా రోజూ గుమ్మంలో నిలబడి అదే అడిగేది.

ఇప్పటికీ ఆ ఊళ్ళో పాఠం మొదలుపెట్టే ముందు మూడుసార్లు అడుగుతారు: "బయట ఎవరైనా మిగిలారా?" కూర్చున్నచోటి నుంచి జవాబు చెప్పకూడదు. ఒకరు లేచి, వీధి చివరిదాకా వెళ్ళి చూసి రావాలి.