ఉడత ఒంటిమీది మూడు దీపాలు

గుమ్మడిదుర్గాన్ని ఏలే ఉద్దండ మహారాజుగారు నిరుడు విద్యార్థుల రోబోల పోటీకి వచ్చి, ఒక రోబోను పీట అనుకుని దానిమీద కూర్చున్నారు. అది ఆయన్ని మోసుకుపోయి నిమ్మకాయల బుట్టలో పడేసింది. దొరికినదాన్ని బుట్టలో వెయ్యడమే దానికి నేర్పిన పని మరి.

అందుకని ఈ ఏడు చాటింపు వేయించారు. "ప్రతి రోబోకూ దీపాలుండాలి. ఏది పీటో ఏది రోబోనో నాకు ఆమడ దూరం నుంచే తెలియాలి!"

ఆ రాజ్యంలో రాజూ ఉన్నాడు, బ్యాటరీలూ ఉన్నాయి. మధ్యాహ్నం దాటితే ఇద్దరూ నీరసపడేవారు.

చాటింపు విని అందరికన్నా సంబరపడింది పేరిందేవి. కోటలో దీపాల అధికారిణి ఆవిడ. ఇరవై ఏళ్లు దివిటీలకు నూనె పోసి, కరెంటు వచ్చాక తీగలు కలపడం సొంతంగా నేర్చుకుని, అమ్మాయిల బడిలో పోరి పోరి ఒక పనిశాల పెట్టించింది. అక్కడి పిల్లలు చేసిన రోబో పేరు ఉడత. ఉడతకు తలమీద ఎర్రదీపం, ఛాతీమీద పచ్చదీపం, వెనకాల తెల్లదీపం పెట్టారు. బరువు, బ్యాటరీ, తీగల మందం, అన్నీ నియమాల పుస్తకంలో ఉన్నట్టే.

చిక్కల్లా ఆ పుస్తకం రాసిన నియమాధికారి కనకభూషణంతోనే. "పనిలేని వస్తువు బరిలోకి రాకూడదు" అన్నది ఆయన మొదటి నియమం. నిరుడు చక్రాలకు పసుపురంగు ఉందని ఉడతను గుమ్మంలోంచే వెనక్కి పంపాడు. ఈసారి కూడా అది బరిలో దిగకపోతే పనిశాల మూయించి, అందులో తన పల్లకీలు పెట్టుకుంటానని రాజుగారిని ఒప్పించాడు. ఆయనకు పల్లకీలు ఏడు. రోజుకొకటి ఎక్కుతాడు.

పోటీ నాడు రాజుగారు సింహాసనం ఎక్కగానే కనకభూషణం బరి మధ్యలో నిలబడి తనిఖీ మొదలుపెట్టాడు. అబ్బాయిల బడి రోబోకు పదకొండు దీపాలున్నాయి. కళ్లు మూసుకుని ముద్ర కొట్టేశాడు.

ఉడతను చేసిన పిల్లల్లో పెద్దది కుందన. ఊరుకోలేకపోయింది. "ఆ పదకొండు దీపాలకూ పనేమిటండీ?"

"తేజస్సు."

"మరి మా మూడింటికీ?"

"సింగారం. మీ చేతికి ఇనుము ఇచ్చినా దానికి బొట్టూ కాటుకా పెట్టేదాకా నిద్రపట్టదు కదా! పీకెయ్. పీకాక, దీపాల్లేని రోబోకు చాటింపు ప్రకారం బరిలో చోటు లేదనుకో!"

"కాదండీ, ఈ ఎర్రదీపం ఎందుకంటే..."

"ఎందుకో చెప్పాల్సింది నువ్వు కాదు. తనిఖీ పత్రంలో 'పని' అన్న గడి ఉందే, అందులో ఏం రాయాలో నేను చెబుతాను, నువ్వు రాస్తావు, కింద నేను సంతకం పెడతాను. అదీ ఇక్కడి పద్ధతి. నేను చెప్పను. కాబట్టి పని లేదు!"

కుందన కళ్లల్లో నీళ్లు తిరిగాయి. పేరిందేవికి మాత్రం ఒళ్లు మండింది. ఒళ్లు మండినప్పుడే ఆవిడ గొంతు మహా మెత్తగా ఉంటుంది.

"ఏడవకు తల్లీ. కలం, కాగితం పట్టుకుని ఇలా నా పక్కన నిలబడు" అని, రాజుగారికి నమస్కరించింది. "ప్రభూ, పనిలేని వస్తువు బరిలోకి రాకూడదట. నియమాధికారిగారు బరి మధ్యలోనే ఉన్నారు. ఆయన ఒంటిమీదివాటికి కూడా పనేమిటో తెలుసుకుంటే పిల్లలకు బుద్ధి వస్తుంది."

రాజుగారు ముందుకు వంగారు. "నిజమే! భూషణం, తలపాగామీద ఆ నెమలిపింఛం దేనికయ్యా?"

తన గురించి అడిగితే కనకభూషణానికి ఆనందం పట్టలేనంత. "ఆఖరి వరుసలో ఉన్నవాడికి కూడా, ఇదిగో వస్తున్నాడని తెలియొద్దూ ప్రభూ?"

"తలమీదిది. రాసుకో తల్లీ" అంది పేరిందేవి. "మరి ఛాతీమీద ఆ పచ్చల పతకం?"

"లోపల ఎంత సత్తా ఉందో ఎదుటివాడికి చూడగానే తెలుస్తుంది."

"రాశావా? వెనకాల, ఉత్తరీయం అంచుకు ఆ వెండి మువ్వలో?"

"అవి మరీ ముఖ్యం! ప్రభువులకు వీపు చూపించకూడదు గనక నేను ఎప్పుడూ వెనక్కే నడుస్తాను. మువ్వలు మోగితే వెనకాల ఉన్నవాళ్లు తప్పుకుంటారు. లేకపోతే తొక్కేస్తాను కదా!"

"ఎంత బాగా చెప్పారండీ! కింద సంతకం పెట్టండి, పదికాలాలపాటు నిలిచిపోతుంది."

కాగితం చదవాలంటే కళ్లజోడు పెట్టాలి. జోడు పెడితే ముఖవర్చస్సు తగ్గుతుంది. కనకభూషణం చదవకుండానే మూడు మెలికలు తిప్పి సంతకం చేసి, ముద్ర కూడా కొట్టాడు.

పేరిందేవి కాగితం పైకెత్తింది.

"ప్రభూ, ఉడత తనిఖీ పత్రం పూర్తయింది. తలమీదిది: ఆఖరి వరుసవాడికి కూడా రాక తెలియడానికి. ఛాతీమీదిది: లోపల ఎంత సత్తా ఉందో తెలియడానికి. ఉడత బ్యాటరీలో సత్తా ఉన్నంతసేపే ఆ పచ్చదీపం వెలుగుతుంది. వెనకాలది: వెనక్కి నడిచేటప్పుడు జనం తప్పుకోవడానికి. నియమాధికారిగారే స్వయంగా చెప్పారు, సంతకం పెట్టారు."

"అన్యాయం!" అని అరిచాడు కనకభూషణం. "అవన్నీ నా గురించి చెప్పినవి! ఆ ఇనప డొక్కు గురించి కాదు!"

పేరిందేవి గొంతు ఇంకా మెత్తబడింది.

"అయితే పత్రం చింపేద్దామండి. ఉడత దీపాలు పీకేద్దాం, తమరి పింఛం, పతకం, మువ్వలు కూడా ఇక్కడే విప్పేద్దాం. పని ఉంటే ఇద్దరికీ ఉన్నట్టు, సింగారమైతే ఇద్దరిదీ సింగారమే."

కనకభూషణం రెండు చేతులతో తలపాగా గట్టిగా పట్టుకున్నాడు. రాజుగారి వైపు చూశాడు, ఉడత వైపు చూశాడు. "ఉంది..." అన్నాడు నీళ్లు నములుతూ. "పని ఉంది."

రాజుగారు సింహాసనం చేతులమీద గుద్ది గుద్ది నవ్వారు. "ఓరి భూషణం, నువ్వూ ఉడతా ఒకే బడిలో చదివినట్టున్నారయ్యా!"

సభంతా గొల్లుమంది. అబ్బాయిల బడి పిల్లలు కూడా పొట్టలు పట్టుకున్నారు.

"పేరిందేవీ, ఆ తనిఖీ ముద్ర ఇకమీదట నీ దగ్గరే ఉంచు. నేనున్నన్నాళ్లూ ఆ పనిశాల తలుపు ఎవరూ మూయడానికి లేదు. వదలండమ్మా మీ ఉడతను!"

కుందన మీట నొక్కింది. మూడు దీపాలూ ఒక్కసారిగా వెలిగాయి.