నలభై ఒకటో గ్లాసు

రత్నాకరం మాస్టారు అడిగినదానికి తిన్నగా జవాబు చెప్పగా విన్న మనిషి ముల్లోకాల్లోనూ లేడు. టైమెంతయిందంటే గడియారం విప్పి చేతిలో పెట్టే రకం. హైదరాబాదులో చిప్పుల విద్య చెప్పే గురువులు ఇసుక రేణువులంత మంది ఉన్నా, హైమ మాత్రం ఈయన్నే పట్టుకు వేలాడింది.

ఆ రోజు ఆమెకు పెద్ద సంకటమే వచ్చిపడింది. నెలలు నిండని పసికందుల్ని వెచ్చగా ఉంచే పెట్టెలకు ఒక చిప్పు కావాలి. దాని పటం ఇక్కడే గీశారు. తయారుచేసింది మాత్రం సముద్రాల అవతల ఎవరో. అక్కడ ఎవరైనా పటంలో లేని దొంగముక్క ఒకటి లోపల ఇరికించారేమో చూసి, లేదని సాయంత్రంలోగా హైమ సంతకం పెట్టాలి. పెడితేనే పెట్టెలు ఆసుపత్రికి వెళతాయి. సోమవారమే మాస్టారి చెవిన వేసి, పధ్నాలుగు కోట్ల పరీక్షలు పెట్టింది. బ్రహ్మదేవుడికి అన్ని పెట్టి ఉంటే సృష్టే మానుకునేవాడు. చిప్పు అన్నిటా నెగ్గింది. అయినా ఆమె కలం కదలలేదు. వచ్చి మాస్టారి క్లాసు గుమ్మంలో వాలింది.

"అడిగినవన్నీ చేసింది మాస్టారూ. ఇంక దొంగ ఎక్కడ దాక్కుంటాడు?"

మాస్టారు హాజరుపట్టీ అందించి, "క్లాసులో పేర్లు పిలువమ్మా" అన్నారు.

పిలిచింది. నలభై పేర్లకూ నలభై గొంతులు పైకప్పు ఎగిరిపోయేలా పలికాయి. "ఒక్కరూ తగ్గలేదండీ" అంది.

అంతలో కెటిల్ పట్టుకుని సైదమ్మ వచ్చింది. "ఎన్ని టీలు పోస్తున్నావు సైదమ్మా?" అన్నారు మాస్టారు గుమ్మంలోంచి.

"సోమవారం సంది నలభై ఒకటి సారూ. మీ పట్టీల ఎందరున్నరో నాకేం ఎరుక? తాగే నోళ్లు గిన్ని."

హైమ తలెత్తి చూసింది. ఆఖరి బల్ల మీద, చెవి వెనక సుద్దముక్కతో మాస్టారి ఇంటిపక్క దర్జీ యాదగిరి. నాలుగు రోజులుగా అక్కడే ఉన్నాడట.

"మరి పలకలేదేం?"

"నన్నెవరు పిలిచిన్రమ్మా?" అన్నాడతను టీ ఊదుకుంటూ. "సారు కూసోమన్నరు, కూసున్న."

హైమ గాలికన్నా ముందు ల్యాబులో పడింది. ఈసారి చిప్పుని ఏమీ అడగలేదు. కరెంటిచ్చి, పనేదీ చెప్పకుండా ఊరకే కూర్చోబెట్టి, ఎంత తాగుతోందో చూసింది. పటం లెక్కన తాగాల్సినదానికన్నా చీమ కన్నీటిబొట్టంత ఎక్కువ తాగుతోంది. ఒక్కటి కాదు, చూసిన ప్రతి చిప్పూ అంతే.

ఆ కాగితం పట్టుకుని మాస్టారి దగ్గరికి వచ్చేసరికి పొద్దు వాలింది. ఆసుపత్రివాళ్ల పిలుపులకు ఆమె ఫోను దోసె వేసుకునేంత వేడెక్కింది.

"అదనంగా ఏదో ఉంది మాస్టారూ. ఏం చేస్తుందో తెలియదు. ఏమీ చేయకపోవచ్చు కూడా. అక్కడ పిల్లలు పెట్టెల కోసం చూస్తున్నారు. సంతకం పెట్టెయ్యనా?"

మాస్టారు అద్దాలు అరిగిపోయేలా కళ్లజోడు తుడుచుకున్నారు.

"ఏ పనీ లేనివాణ్ణి, అంత కష్టపడి ఎవరు దాస్తారమ్మా?" అన్నారు.