అద్దం నడుమ చిల్లు

ఒక కొండకోట రాజుగారికి ఓడల వర్తకుడొకడు మూరెడు పొడవున్న ఇత్తడి దుర్బిణి కానుకగా ఇచ్చాడు. అందులో అడుగున పెద్ద కంచు అద్దం, దానికెదురుగా ఒక చిన్న అద్దం ఉంటాయి. రోజూ బురుజెక్కి దానితో శత్రువుల కనుమను కనిపెట్టి చెప్పడం సేనను నడిపే దళవాయి వీరపనాయుడి పని.

పెద్ద అద్దం మసకబారితే కంచరి నాగోజు మెరుగుపెట్టి తెచ్చాడు. సభలో విప్పి చూపించగానే దళవాయి కేక వేశాడు.

"ప్రభూ, నడుమ చిల్లు! కంచు కాజేయడానికి వీడే తొలిచాడు!"

రాజుగారు మండిపడ్డారు. భటులు నాగోజు కుడిచేతిని మొద్దుమీద అదిమిపట్టి కత్తి ఎత్తారు. నాగోజు దళవాయి వైపు తల తిప్పాడు.

"దళవాయిగారూ, నా దగ్గరికి రాకముందు ఈ చిల్లు లేదా?"

"లేదు. నా కళ్లతో చూశాను."

"అప్పుడు కనుమ బాగా కనిపించేదా?"

"రోజూ చూసేవాణ్ణి. అక్కడ పిట్ట కూడా లేదు."

"ప్రభూ, ఆ చిల్లును మైనంతో పూడ్చి, ఆయన్ని మళ్లీ చూడమనండి."

మైనం పెట్టి దుర్బిణి బిగించారు. దళవాయి కన్ను ఆనించి, వెంటనే వెనక్కి తీశాడు. రాజుగారు లాక్కుని చూశారు. అంతా కటిక చీకటి.

"పెద్ద అద్దం మీద పడ్డ వెలుగు చిన్న అద్దానికి తగిలి, ఆ చిల్లులోంచే కంటికి చేరుతుంది ప్రభూ," అన్నాడు నాగోజు. "చిల్లు లేని దుర్బిణిలో ఆయన రోజూ ఏం చూశారో మరి!"

రాజుగారు మైనం తీయించి, సభ కిటికీలోంచి దుర్బిణిని కనుమవైపు తిప్పారు. అక్కడ శత్రువుల గుడారాలు బారులు తీరి ఉన్నాయి.

"అతని చెయ్యి వదలండి," అన్నారు కన్ను తీయకుండానే. "కోట తలుపులు మూయండి. ముందు దళవాయి కత్తి లాక్కోండి."