గోడ మీది బండి

గిరిధర్ మూడు రోజులుగా షెడ్డుకి వస్తున్నాడు గానీ సుద్దముక్క ముట్టుకోవడం లేదు.

బెజవాడ ఆటోనగర్లో లారీలకి బాడీలు కట్టే షేక్ బాజీ మేస్త్రి దగ్గర అతను నాలుగేళ్ళుగా పని నేర్చుకుంటున్నాడు. మంచి చెయ్యి. అతను గీత గీస్తే స్కేలు పెట్టి సరిచూసుకోనక్కర్లేదు. ఆ చెయ్యి ఇప్పుడు రోజంతా ఫోను పట్టుకుని ఉంటోంది. లారీ ఓనరొచ్చి క్యాబిన్ ఎందాకా వచ్చిందని అడిగితే, వస్తుంది లెండి అని ముఖం తిప్పేసుకుంటున్నాడు.

సంగతేమిటంటే, ఏడాదిన్నర కిందట ఓ పెద్ద కార్ల కంపెనీ కరెంటుతో నడిచే ఎస్‌యూవీ తెస్తున్నామని చెప్పింది. బండి ఎలా ఉంటుందో చూపించలేదు. చీకట్లో రెండు లైట్లు వెలుగుతున్న ఫోటో ఒకటి వదిలి, మీ ఊహలు మాకు పంపండి అంది. ఇంకేం, దేశంలో ఉన్న కార్ల పిచ్చివాళ్ళందరూ బొమ్మలకి దిగారు. వాళ్ళకో ఆన్‌లైన్ గ్రూపు కూడా పుట్టింది. ఒకడు లైట్లు మారిస్తే ఇంకొకడు చక్రాలు మార్చేవాడు. పాపం, కంపెనీ ఇంజనీర్ల కంటే వీళ్ళే ఎక్కువ కష్టపడ్డారు.

వాళ్ళలో గిరి వేసిన బొమ్మ అందరికీ తెగ నచ్చేసింది. ముందు ఎత్తుగా మొదలై, తలుపుల మీదుగా సన్నగా వెనక్కి జారిపోయే రూఫు దానిది. ఆ రూఫుని చూసి గ్రూపంతా అతన్ని ఆకాశానికెత్తేసింది. కంపెనీ నుంచి కూడా కబురొచ్చింది. మీ డిజైను బాగుంది, చెన్నై వచ్చి మా వాళ్ళతో మాట్లాడండి అని దాని సారాంశం. గిరి ఆ సంగతి ఆటోనగర్లో చెప్పనివాడు లేడు. ఇంక లారీల పని ఎన్నాళ్ళో చెయ్యనని మేస్త్రితోనే అనేశాడు. మంచిదేగా అన్నాడు మేస్త్రి.

సోమవారం పేపర్లో చిన్న వార్త పడింది. కంపెనీ ఆ బండి ఆలోచనని అటకెక్కించింది. చెన్నై ప్రయాణం ఉండదని మధ్యాహ్నానికి మెయిలొచ్చింది.

నాలుగో రోజు పొద్దున గిరి నేరుగా మేస్త్రి ముందుకొచ్చి నిలబడ్డాడు.

"మానేస్తాను మేస్త్రి గారూ."

"షెడ్డుకి రావడమా?"

"బొమ్మలెయ్యడం. ఏడాదిన్నర కష్టం గంగలో కలిసింది. ఫోన్లో ఉన్నవన్నీ తీసేస్తాను, ఇవాళే. మళ్ళీ ఈ జోలికి పోను."

మేస్త్రి చేతిలో ఉలి పక్కన పెట్టాడు. "ఎవరి మీదరా కోపం?"

"కళ్ళు లేనివాళ్ళ మీద. నలభై వేల మంది బాగుందన్నారండీ. అలాంటి బండిని పుట్టకుండానే చంపేశారు."

"ఏదీ, చూపించు."

గిరి ఫోనిచ్చాడు. మేస్త్రి కళ్ళజోడు పెట్టుకుని, వెలుతురులోకి వెళ్ళి, చాలాసేపు చూశాడు. "బాగుంది," అన్నాడు. నాలుగేళ్ళలో ఆయన ఆ మాట అనడం ఇది మూడోసారి.

"తీసేసే ముందు ఒక్కసారి గోడ మీద వెయ్యి," అన్నాడు మేస్త్రి ఫోను తిరిగిస్తూ.

ఆ షెడ్డులో వెనక గోడకి నిలువెల్లా నల్లరంగు వేసి ఉంటుంది. చెక్క కొయ్యబోయే ముందు ప్రతి లారీ బాడీనీ ఆ గోడ మీద సుద్దతో, అసలు కొలతలకే, పక్క నుంచి చూస్తే కనిపించేట్టు గీస్తారు. నచ్చిందాకా చెరిపి గీస్తారు. గిరి దాని మీద ఎన్నో లారీలు వేశాడు. తన బండి మాత్రం ఎప్పుడూ వెయ్యలేదు. అది ఫోన్లోనే పుట్టి ఫోన్లోనే పెరిగింది.

పదకొండయ్యేసరికి బొమ్మ పూర్తయింది. వెల్డింగు చేసేవాళ్ళు కూడా పని ఆపి వచ్చి చూశారు. నిజంగానే చూడముచ్చటగా ఉంది. గిరి చేతులు దులుపుకుంటూ నిలబడ్డాడు, కోపం సగం దిగిపోయింది.

"బ్యాటరీ ఎక్కడ పెట్టావు?" అడిగాడు మేస్త్రి.

"కిందండీ. ఫ్లోరు పొడుగునా."

"అయితే నేల నుంచి ఫ్లోరు ఎంత ఎత్తొచ్చింది?"

"అడుగున్నర."

మేస్త్రి తుక్కులోంచి చెక్కదిమ్మలు ఏరి తెచ్చాడు. బొమ్మలో వెనక సీటు ఉన్నచోట, గోడకి ఆనించి, అడుగున్నర ఎత్తున పేర్చాడు. వాటి మీద రెండు పలకలు పక్కపక్కన పరిచి, వెనక పలక మీద ఓ పొట్టి స్టూలు పెట్టాడు. ఊపి చూసుకుని, కదలడం లేదని తృప్తిపడ్డాక తువ్వాలుతో చేతులు తుడుచుకున్నాడు.

అప్పుడే మేరమ్మ టీ ఫ్లాస్కుతో వచ్చింది. రెండు షెడ్ల అవతల ఆమెకి టీ కొట్టుంది. అరవై దాటిన మనిషి.

"మేరమ్మా, ఓసారి ఈ కారెక్కు," అన్నాడు మేస్త్రి.

"నాకెందుకయ్యా కారు," అని నవ్వుతూనే ఆమె ఫ్లాస్కు కింద పెట్టింది. మేస్త్రి భుజం పట్టుకుని, తన మోకాళ్ళని తనే తిట్టుకుంటూ పలక మీదికెక్కింది. బండి ముందువైపుకి తిరిగి, భుజం గోడకి ఆనించి స్టూలు మీద కూర్చుంది.

గిరి గీసిన రూఫు ఆమె చెవి మీదుగా పోతోంది. నుదురూ కొప్పూ బండి బయట ఉన్నాయి.

"లోపలికి రా మేరమ్మా, వానొస్తే తడుస్తావు," అన్నాడు వెల్డరు. అందరూ గొల్లున నవ్వారు.

మేరమ్మ నవ్వలేదు. తల తిప్పి గీత ఎక్కడుందో చూసుకుంది. తర్వాత మెల్లిగా మెడ వంచి, తలని గీత లోపలికి తెచ్చుకుంది. గడ్డం వెళ్ళి గుండెకి ఆనింది.

"ఇట్టాగేనా బాబూ?" అని అడిగింది గిరిని. "ఇందులో ఎందాకా పోవాలి?"

గిరికి తల కొట్టేసినట్టయింది. "వెనక సీట్లో ఎవరో గానీ కూర్చోరు మేస్త్రి గారూ," అన్నాడు. ఆ మాట తనకే నచ్చలేదు. "రూఫు లేపితే అందం పోతుందండీ."

మేస్త్రి గ్లాసులో టీ పోసుకుని తాగుతున్నాడు. మేరమ్మ ఇంకా మెడ వంచుకునే ఉంది. లేవమని ఎవరూ చెప్పలేదు మరి.

గిరి ఆమె వంక చూశాడు. కాసేపటికి తడిగుడ్డ తీసుకుని వెళ్ళి, ఆమె పక్కనున్న రూఫు గీతని తుడిచేశాడు.

"మెడ తిన్నగా పెట్టు మేరమ్మా," అన్నాడు.

ఆమె తలపైన నాలుగు వేళ్ళు ఖాళీ వదిలి గీత లాగాడు. వెనక్కి వచ్చి చూసుకుంటే బండి బీరువాలా ఉంది. చెరిపేశాడు. స్టూలు తీసి ఆమెని దిమ్మ మీద కూర్చోబెట్టి, సీటు దించి చూశాడు. మేరమ్మ మోకాళ్ళు పైకి లేచిపోయాయి, ఆమె అబ్బా అంది. అదీ చెరిపేశాడు. చివరికి వెనకవాళ్ళ కాళ్ళు పెట్టుకునేచోట బ్యాటరీని తెంపి, ఆ ముక్కని సీటు కిందికి నెట్టాడు. అక్కడ ఫ్లోరు దిగింది, మోకాళ్ళు లేవకుండా సీటూ దిగింది. అతను అడగకముందే మేస్త్రి వచ్చి ఆమె కాళ్ళ కింది పలక ఎత్తి దిమ్మ ఒకటి లాగేశాడు.

ఆమె టీ కొట్టు ఆ పూటకి కోడలు చూసుకుంది. అన్నం సంగతి గిరికి గుర్తులేదు. ఎన్నిసార్లు చెరిపాడో కూడా గుర్తులేదు. మూడింటికి గోడ మీద వేరే బండి ఉంది. దాని రూఫు తొందరపడి జారదు. వెనక కూర్చున్న మనిషి తల దాటిందాకా ఆగి, అక్కణ్ణించి దిగుతుంది. దీనికి నలభై వేల మంది రారని గిరికి తెలుస్తూనే ఉంది. ఆ సంగతికి కాస్త బాధపడ్డాడు కూడా.

మేరమ్మ కాళ్ళు చాపుకుంది. గోడకి తల ఆనించింది.

"ఇంకాసేపు కూర్చోనా?" అని అడిగింది.

గిరి వచ్చి మేస్త్రి పక్కన నేల మీద చతికిలబడ్డాడు. మోచేతుల దాకా సుద్ద. పొద్దుటి నుంచీ కంపెనీ మాటే గుర్తుకురాలేదని అప్పుడు తట్టింది. గోడ వంక చూశాడు.

"మేస్త్రి గారూ, వాళ్ళు ఆపకుండా, నేను పొద్దున వేసిన బండే తయారై రోడ్డెక్కి ఉంటే?"

"మేరమ్మ మెడ వంచుకుని కూర్చునేది," అన్నాడు మేస్త్రి. "నువ్వు ముందు సీట్లో ఉండేవాడివి."