గోరువంకలు లేని వేసవి

అనగనగా ఒక అడవి. అడవి అనగానే పులి వస్తుందని దుప్పటి ముసుగేసుకోకండి, ఈ కథలో పులి లేదు. నడి వేసవిలోనూ ఎండిపోని ఒక మడుగు ఉంది. దాని చుట్టూ దుప్పులు, మనుబోతులు, కుందేళ్ళు, కొండముచ్చులు, గోరువంకలు కలిసి బతికేవారు.

ఆ మడుగు మీద రేచుకుక్కల కన్ను పడింది. ఆకలేసి వేటాడితే అది వేరే సంగతి. వీటి ఎత్తు అది కాదు. ఒక్కసారి మీదపడి దొరికినవాళ్ళని దొరికినట్టు చీల్చేస్తే, మిగతావాళ్ళు హడలిపోయి పారిపోతారు. మడుగు తమదైపోతుంది. అదీ వాటి పన్నాగం.

అందుకే అందరూ ఒక కట్టుబాటు చేసుకున్నారు. రాతిగుట్ట మీద కొండముచ్చులు వంతులవారీగా కాపలా కూర్చునేవారు. గుట్ట కింద, మడుగు తేమకు పెరిగే, మేతకు పనికిరాని రెల్లుగడ్డి ఎత్తుగా పెరగకుండా కుందేళ్ళు ఎప్పటికప్పుడు కొరికేసేవారు. గుట్ట మీద కేక వినపడగానే చెట్ల మీది గోరువంకలు దాన్ని అందుకుని, అవతలి ఒడ్డున తుంగలో పడుకున్న పిల్లల దాకా చేర్చేవారు. ఈ పనుల్లో ఉన్నవాళ్ళు మేత వెతుక్కోలేరు కదా! అందుకని తక్కినవాళ్ళంతా తమ మేతలో కొంత తీసి వాళ్ళకు పెట్టేవారు.

ఒక ఏడు వానలు సరిగ్గా పడలేదు. మేత తగ్గింది. అందరికీ పెద్ద అయిన మనుబోతు భద్రయ్య సమావేశం పెట్టాడు. భద్రయ్య మంచివాడే. కానీ తనకు తెలియనిది లేదనుకునే రకం.

"గడ్డి కొరకడం కూడా ఒక ఉద్యోగమేనా? కుందేళ్ళకు ఇక వాటా లేదు" అన్నాడు.

అందరూ నవ్వారు. పాపం కుందేళ్ళు తలలు దించుకుని మేత వెతుక్కుంటూ వెళ్ళిపోయారు. ఏమీ జరగలేదు.

కొన్నాళ్ళకు, "ఒకరు అరిచింది మళ్ళీ అరవడానికి ఇన్ని గోరువంకలెందుకు? కొండముచ్చుకు గొంతు లేదా?" అన్నాడు. గోరువంకలు ఎగిరిపోయారు. అప్పుడూ ఏమీ జరగలేదు.

ఇంకొన్నాళ్ళకు కొండముచ్చుల వంతు వచ్చింది. "చూడ్డానికి ఒక్కడు చాలు" అన్నాడు. గుట్ట మీద సింగన్న అనే కొండముచ్చు ఒక్కడే మిగిలాడు.

చుక్కమ్మ అనే దుప్పి ఊరుకోలేకపోయింది. "భద్రయ్య మామా, నా బుజ్జిది పగలంతా తుంగలోనే పడుకుంటుంది. గుట్ట మీది కేక అక్కడిదాకా రాదు" అంది.

"కాపలా తీసేశానా తల్లీ? సింగన్న ఉన్నాడుగా! అసలు కుక్కలొచ్చి ఎన్నేళ్ళయింది? రాని కుక్కల కోసం మనం పస్తులుండాలా?" అన్నాడు భద్రయ్య.

ఇదిగో, ఇక్కడే నాకు ఒళ్ళు మండుతుంది. ఆ కుక్కలు అన్నేళ్ళూ ఎందుకు రాలేదో అక్కడున్నవాళ్ళలో ఒక్కరికీ తోచలేదు.

ఒకరోజు మిట్టమధ్యాహ్నం. పొద్దుటినుంచి గుట్ట మీదే ఉన్న సింగన్నకు నాలుక పిడచగట్టుకుపోయింది. గుక్కెడు నీళ్ళు తాగుదామని కిందికి దిగాడు. ఇదివరకైతే అలా దిగినప్పుడు ఇంకొకరు వచ్చి కూర్చునేవారు. ఇప్పుడు ఎవరున్నారు? నీళ్ళు తాగి మళ్ళీ గుట్టెక్కి చూశాడు. కింద గడ్డి నిలువెత్తు పెరిగి ఉంది. గాలి లేదు, అయినా గడ్డి కదులుతోంది.

"కుక్కలు! కుక్కలు!" గొంతు చించుకుని అరిచాడు.

దగ్గర్లో ఉన్నవాళ్ళు పరుగెత్తారు. తుంగలో పిల్లలు మాత్రం హాయిగా నిద్రపోతున్నారు. కేకను అందుకునే గోరువంక ఒక్కటీ లేదు.

సింగన్న ఇక ఆలోచించలేదు. గుట్ట మీదినుంచి దూకి, అరుచుకుంటూ నేల మీదే తుంగ వైపు పరుగెత్తాడు. దారిలో ఒక కుక్క అతని తోక పట్టుకుంటే, సగం తోక దాని నోట్లోనే వదిలేసి పరుగెత్తాడు. పిల్లలు లేచారు. చెల్లాచెదురుగా పారిపోయారు. బుజ్జిది అందరికన్నా చిన్నది. లేచేసరికి ఆలస్యమైపోయింది.

ఏడవకండి నాన్నా. చెబుతుంటే నాకూ ఏడుపొస్తోంది. కానీ కథ ఇక్కడితో అయిపోలేదు.

కుక్కలు వెళ్ళాక భద్రయ్య వచ్చాడు. "సింగన్నా, నువ్వు చూడలేదా?" అన్నాడు.

"చూశాను. అరిచాను కూడా. ఆ అరుపును మోసేవాళ్ళని నువ్వే పంపేశావు" అన్నాడు సింగన్న. తోక నుంచి ఇంకా రక్తం కారుతోంది.

ఎవరో వెనకనుంచి, "ఈ మడుగు మనకొద్దు, రేపే వెళ్ళిపోదాం" అన్నారు.

"వెళ్ళం!" అంది చుక్కమ్మ. ఆమె కళ్ళు ఎర్రబడి ఉన్నాయి, గొంతు మాత్రం వణకలేదు. "ఆ కుక్కలు నా బిడ్డను చంపింది మనం వెళ్ళిపోవాలనే. నేను వెళ్ళను. ఈ ఒడ్డున ఇంకే తల్లికీ ఇలా జరగనివ్వను."

అలా అని గుట్ట కిందికి నడిచి ఆ ముదురు గడ్డిని కొరకడం మొదలుపెట్టింది. కాసేపటికి భద్రయ్య వచ్చి ఆమె పక్కన తల వంచాడు. రెల్లు ఆకులు కోసుకుని అతని మూతి అంతా రక్తమయింది. ఆగలేదు. మర్నాడు తానే అడవంతా తిరిగి కుందేళ్ళను, గోరువంకలను, కొండముచ్చులను పేరు పేరునా బతిమాలి తీసుకొచ్చాడు. ఆ ఏడు తన మేత వాళ్ళకు పెట్టి, తాను ఎముకల గూడయ్యాడు.

కుక్కలు మళ్ళీ వచ్చాయి. ఈసారి దాక్కోవడానికి గడ్డి లేదు. గుట్ట మీద కేక లేచింది, చెట్టు నుంచి చెట్టుకు పాకింది. తుంగలో పిల్లలు క్షణంలో తల్లుల వెనక ఉన్నారు. ఎదురుగా కొమ్ములన్నీ వరసగా నిలబడ్డాయి. కుక్కలు కాసేపు చూసి, వెనక్కి తిరిగాయి.

మరో రెండు వేసవులు గడిచాయి. మళ్ళీ మేత తగ్గింది. ఒక కుర్ర మనుబోతు లేచి, "పెద్దయ్యా, గోరువంకలు ఊరికే కూర్చుంటున్నారు. ఏమీ జరగడం లేదుగా?" అన్నాడు.

భద్రయ్య తుంగ వైపు చూశాడు. అక్కడ చుక్కమ్మ కొత్త బిడ్డ నిద్రపోతోంది.

"ఏమీ జరగడం లేదంటే, వాళ్ళు పని చేస్తున్నారన్నమాట. నా వాటాలోంచి ఇంకో పిడికెడు వాళ్ళకు పెట్టండి" అన్నాడు.

నీతి: ఆపద రావడం లేదని కాపు కాసేవాళ్ళను, వాళ్ళ వెనక ఉండి పనిచేసేవాళ్ళను తగ్గించుకుంటే, ఆపదకు మనమే దారి వేసినట్టు.